ముఖ మెవ్వరి సొత్తు?

ఈ ప్రత్యేక సంచికలో ప్రకటించుటకు మన తెలుగు కుటుంబముల పాత ఛాయాచిత్రములు కొన్ని కావలెనని సంపాదకవర్గమువారు కోరగా, మేము మా యింటి అటుకమీదనున్న తగరపు డబ్బాను దింపితిమి. అది ఒకప్పుడు బిస్కెట్ల డబ్బా. మూతమీది బొమ్మ యెన్నడో చెరిగిపోయినది. అందులో పెద్ద ఫొటో ఒక్కటియు లేదు. అద్దము కట్టించినవి గోడలమీద నున్నవి. పెండ్లిండ్లవి ఆల్బములలో నున్నవి. ఈ డబ్బాలోనివన్నియు అగ్గిపెట్టెకంటె చిన్నవి. పాస్‌పోర్టు సైజువి కొన్ని, అంతకంటె చిన్నవి కొన్ని, తేమకు ఒకదాని కొకటి అంటుకొని విడిపోనివి కొన్ని. అరువదియేండ్లుగా మా యింటివారు ఏ కచేరీయో, ఏ బడియో, ఏ బ్యాంకో అడిగినప్పుడెల్ల ఫొటోలు తీయించుకొని, ఇచ్చినవి పోగా మిగిలినవానిని ఇందులో పడవేసిరి. ముచ్చటపడి కూర్చినవి కావు; పారవేయుటకు చేయి రాక నిలిచినవి.

సంపాదకులకు పంపదగినది దేనినైన ఏరుదమని చూచుచుండగా ఒక చిత్రమువద్ద మా చేయి ఆగినది. దానిని పంపవచ్చునా, పంపరాదా యను సందేహమే ఈ వ్యాసమునకు మూలము. ఆ చిత్రము సంగతి చెప్పుటకు ముందు మరియొక చిత్రమును గూర్చి చెప్పవలసియున్నది.

మెల్బోర్ను నగరమున చదువుకొనుచున్న మా మేనకోడలు నిరుడు ఒక సన్నని కాగితపు పట్టీ పంపినది. అందు నిలువుగా నాలుగు బొమ్మలు, నలుపు తెలుపులలో నున్నవి. మొదటిదానిలో పిల్ల జుట్టు సర్దుకొనుచున్నది; రెండవదానిలో పరీక్షకు కూర్చున్నదానివలె బిగిసియున్నది; మూడవదానిలో నవ్వుచున్నది; నాలుగవదానిలో సగము ముఖమే కలదు, లేవబోవుచున్నది. అచ్చటి రైలుస్టేషనులో నిలువెత్తు అలమారువంటి గది యొకటి యున్నదట. తెర లాగుకొని లోపల కూర్చుండి డబ్బు చెల్లించినచో యంత్రమే నాలుగుమారులు వెలుగు మెరపించి, కొన్ని నిముషములకు తడి యారని పట్టీని బయటికి జారవిడుచునట. అట్టి యంత్రమును మేము మా కన్నులతో ఎన్నడును చూచినవారము కాము.

ఆ యంత్రమును గూర్చి చదివి తెలిసికొనిన కొలది మాకు ఆసక్తి హెచ్చినది. సైబీరియాలోని ఓమ్‌స్క్ పట్టణమున పుట్టిన అనటోల్ జోసెఫో అనునాతడు 1925లో న్యూయార్కు నగరపు బ్రాడ్వే వీథిలో దానిని మొదట నెలకొల్పెను. 25 సెంట్లకు 8 బొమ్మలు, సుమారు 8 నిముషములలో చేతికి వచ్చెడివి. మొదటి ఆరు నెలలలో 2,80,000 మంది తీయించుకొనిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి. 1927లో అతడు తన హక్కులను పది లక్షల డాలర్లకు విక్రయించెను. అయితే మా మనసును పట్టినది ఆ పది లక్షలు కాదు. ఆ యంత్రములో నెగటివు అనునది లేదు. వెలుగు నేరుగా కాగితముమీదనే పడును; ఆ కాగితమే రసాయనముల తొట్లలో మునిగి తేలి బొమ్మయై వెలువడును. కనుక ప్రతి పట్టీయు ఒక్కటియే, దానికి జోడు లేదు. తీసినవాడు లేడు, ఎదుట నిలిచి చూచినవాడు లేడు, ప్రతి దాచుకొన్నవాడును లేడు. మనుష్యుడు తన ముఖమును తానే తీసికొని తానే పట్టుకొని పోవును.

మెల్బోర్నులోని యంత్రములను ఆలన్ ఆడ్లర్ అనునాతడు సుమారు అర్ధశతాబ్దము కనిపెట్టి యుండెను. మరమ్మతు చేసిన పిమ్మట యంత్రము సరిగా నడచుచున్నదో లేదో చూచుటకు తానే లోపల కూర్చుండి ఒక పట్టీ తీసికొనెడివాడు. అట్టి పట్టీలలో నడివయసునుండి ముదిమివరకు ఆతని ముఖము నిలిచియున్నది. 2024లో ఆతడు కన్నుమూసెను. మరుసటి యేడు ఆ పట్టీలను ప్రదర్శనశాలలో జనులు చూచిరి. ఆతడు తన రూపము చూచుకొనుటకు వానిని తీయలేదు. యంత్రము సంగతి చూచుటకు తీసెను. అందుచేతనే కాబోలు, ఆ ముఖమున ఎవరినో మెప్పింపవలెనను తాపత్రయము కానరాదు. మా డబ్బాలోని ముఖములును ఈ జాతివే. కచేరీ అడిగినది, కూర్చుంటిమి, తీసిరి. అంతే.

మా నాయ్‌గావ్ నాందేడునుండి దెగ్లూరు మీదుగా హైదరాబాదునకు పోవు త్రోవలోని ఊరు. మా పెద్దల కాలమున ఇచ్చటివారికి ఫొటో తీయించుకొను అవకాశములు రెండే. మార్గశిరమున మాళేగావ్ ఖండోబా జాతరకు పోయినప్పుడు డేరాలలో తీయించుకొనుట ఒకటి. మరాఠీవారి ఖండోబాయే మన మల్లన్న గనుక ఆ జాతర మనదియును. గుఱ్ఱములు, గాడిదలు బేరమాడు సంతకు పిల్లలను వెంటబెట్టుకొని పోవుట ఆనాటి వేడుక. అచ్చట రంగులు పూసిన తెర యుండెడిది; చెక్కతో చేసిన విమానములో కూర్చుండవచ్చును, అట్టతో చేసిన చంద్రునిమీద చేయి వేయవచ్చును. రెండవది నాందేడులో కచేరీ ముంగిట మూడుకాళ్లమీద నిలిచిన పెట్టె కెమెరా. తీయువాడు నల్లగుడ్డ తొడుగులో చేయి దూర్చి పెట్టెలోపలనే కాగితమును కడిగెడివాడు. మొదట తలక్రిందులు రంగుల బొమ్మ, అనగా తెలుపు నలుపై, నలుపు తెలుపైన కాగితము వచ్చును. దానిని పెట్టె ముందర నిలిపి మరల ఫొటో తీసినచో అసలు ముఖము వచ్చును. బకెట్టు నీటిలో ముంచి, తడితడిగానే కత్తిరించి చేతిలో పెట్టెడివాడు.

తరువాత స్టూడియోలు వచ్చినవి. పాస్‌పోర్టు సైజు ఫొటో యనిన ఎనిమిది ప్రతులని వాడుక. జోసెఫో యిచ్చినవియు ఎనిమిదే. కాని ఆతని ఎనిమిది ఎనిమిది క్షణములవి. మనవి ఒకే క్షణమునకు ఎనిమిది నకళ్లు. దరఖాస్తులకు ఆరు పోవును, రెండు మిగులును. ఆ రెండే మా డబ్బాలోనికి వచ్చెడివి.

ఇంకొక విధమైనవియు వచ్చెడివి. కన్నులు మూసిన ముఖము కచేరీకి పనికిరాదు. మెరపునకు రెప్ప పడినవారి బొమ్మలు, తల ప్రక్కకు త్రిప్పినవారి బొమ్మలు తిరస్కరింపబడి ఇల్లు చేరెడివి. 1929 డిసెంబరులో పారిస్ నగరమున సర్రియలిస్టులను కవులు, చిత్రకారులు తమ పత్రికలో ఒక చిత్రము ప్రకటించిరి: నడుమ మాగ్రిట్ చిత్రించిన స్త్రీమూర్తి, చుట్టును పదునారుగురు పురుషుల యంత్రపు ఫొటోలు, అందరును కన్నులు మూసికొనినవారే. మనుష్యుని గుర్తుపట్టుటకు పనికివచ్చు యంత్రము ముందు కూర్చుండి వారు గుర్తింపునకు పనికిరాని ముఖమును ఇచ్చినారు. వారు బుద్ధిపూర్వకముగా చేసినది మావారికి రెప్పపాటున జరిగినది. ఇంతకును కచేరీ తీసికొన్న ముఖము మావారిదా, కాదన్న ముఖము మావారిదా?

మా నాయనమ్మ ముదుసలి యగువరకు ఫొటో తీయించుకొననే లేదు. పరపురుషుడు తలమీద నల్లగుడ్డ కప్పుకొని తనవంక గుచ్చి చూచుట ఆమెకు సరిపడలేదు. ఇది ఆమె యొక్కతె చాదస్తము కాదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకై జనానా స్టూడియో తెరచి, అందు తీయుటకు ఒక దొరసానిని నియమించవలసివచ్చెను. చూపునకును ముఖమునకును మధ్య మర్యాద యొకటి యుండవలెనని ఆ కాలమువారు తలచిరి. తెర లాగుకొని తానే తీసికొను యంత్రము నాయ్‌గావ్‌లో నున్నచో మా నాయనమ్మ కూర్చుండెడిదేమో! చివరకు ఆమెను కూర్చుండబెట్టినది ఎన్నికల సంఘము. 1993లో ఓటరు గుర్తింపు కార్డుల ఏర్పాటు మొదలైన కొన్నియేండ్లకు ఆమెకును కార్డు వచ్చినది. ఆమె గతించిన నాడు ఇంట మరియొక బొమ్మ లేకపోగా, ఆ కార్డులోని ముఖమునే పెద్దది చేయించి, స్టూడియోవారిచేత పట్టుచీర రంగు వేయించి, అద్దము కట్టించి దండ వేసితిమి. నేటికిని పండుగనాడు మేము మ్రొక్కునది ప్రభుత్వమువారు అడిగి తీయించిన ముఖమునకే.

ఇప్పుడు ఆ మిగులును లేదు. 2010 సెప్టెంబరు 29న మన రాష్ట్రముననే, నందుర్బార్ జిల్లా తెంభళి గ్రామములో దేశమునందలి మొదటి ఆధార్ సంఖ్యలను ఇచ్చిరి. పిమ్మట మా యూరిలోను కెమెరా గుచ్చిన బల్లముందు అందరమును వరుసగా కూర్చుంటిమి. ముఖము నేరుగా లోపలికి పోయినది. రెండు ప్రతులు చేతికి రాలేదు. ఆ పిదప మా డబ్బాలో పడినవి మిక్కిలి తక్కువ. ఇంటింట సెల్‌ఫోనులలో వేలకొలది బొమ్మలున్నవి గదా యందురు. ఉన్నవి. కాని వానికి వెనుకవైపు లేదు.

ఈ వెనుకవైపు సంగతి మన కుటుంబములవారు ప్రత్యేకముగా ఆలోచింపవలసినది. మా తాతగారు తాము దాచిన బొమ్మల వెనుక పేరులు ఉర్దూలిపిలో వ్రాసిరి. నిజాము ప్రభుత్వమున ఆయన చదివిన బడి భాష అది. మా తండ్రిగారు తెలుగులో వ్రాసిరి. బాల్యమున ముధోలులో మేనమామగారి యింట ఉండి నేర్చిన తెలుగు. 1956 నవంబరు 1వ తేదివరకు ముధోలు మన నాందేడు జిల్లాలోనిదే. ఆనాడు ఆదిలాబాదున కలిసినది, నేడు నిర్మల్ జిల్లాలోనిది. మనమేమో బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1నుండి మహారాష్ట్రమునకును వచ్చితిమి. మేము మరాఠీ బడిలో చదివినవారము గనుక మా వ్రాత దేవనాగరిలో నున్నది. తెలుగు వ్రాత మా తండ్రిగారి భిక్ష. ఇట్లు ఒకే డబ్బాలో మూడు లిపులు. మా పిల్లలకు మొదటిది తెలియదు, రెండవది తెలియదు. ముఖము చూచి "ఎవరు?" అని అడుగుదురు, త్రిప్పి చూచి మరల "ఎవరు?" అని అడుగుదురు.

ఇక మా చేయి ఆగిన చిత్రము. అది మా మేనత్తది. 1963లో ఆమె ఉపాధ్యాయ శిక్షణ పరీక్షకై నాందేడు పోయినప్పుడు కచేరీ ముంగిటి పెట్టె కెమెరాతో తీయించుకొనినది. ఆమె రెప్ప వేసినది. తడికాగితము చూచినగాని తీసినవానికి తెలియలేదు. వాడు మరల తీసి, చెడిన దానిని ఊరకే యిచ్చెనట. రెండేండ్లకు ఆమె తనంత తాను, కులము వెలుపల వివాహమాడినది. అంతకు కొంత ముందు స్టూడియోలో తీయించిన కుటుంబపు ఫొటో మా యింటి గోడమీద నుండెడిది. మా తాతగారు దానిని దింపి, అద్దము విప్పి, కత్తెరతో ఆమెను తీసివేసి మరల తగిలించిరి. ఆ ఫొటో నేటికిని ఉన్నది. మా పెదనాన్నగారి భుజముమీద నాలుగు వ్రేళ్లు మాత్రము కానవచ్చును.

రెప్ప వేసిన చిత్రమును నాయనమ్మ తన కుంకుమభరిణె అడుగున దాచియుంచినది. మరణించుటకు కొన్నినెలలముందు దానిని మా చేతిలో పెట్టి, "ఇది నా బిడ్డ మొకం. మీ తాతకు ఎర్క లేదు. పారెయ్యకు బిడ్డా, ఎవ్వలకు చూపకు" అన్నది.

మన పెద్దలకు ఇల్లడ యను మాట యుండెడిది. ఒకరు నమ్మి దాచుమని యిచ్చిన సొమ్ము. దానిని వాడుకొనరాదు, పోగొట్టరాదు, అడిగినప్పుడు ఇచ్చినవారికి ఇయ్యవలెను. ముఖము ఎవరి సొత్తని వాదించుటకంటె, చేతనున్న ముఖము సొత్తా, ఇల్లడయా యని అడుగుట మేలని మాకు తోచినది. అయితే ఇచ్చినవారెవరు? మా చేతిలో పెట్టినది నాయనమ్మ. కాని ముఖము మేనత్తది. ఆమె నడిగినచో, కన్నులు మూసికొన్న ఆ బొమ్మను తానే చింపి పారవేసియుండెడిదేమో. తన చెడిన బొమ్మను దాచుమని ఏ ఆడుపిల్ల కోరును?

ఫ్రెంచి రచయిత మిషెల్ ఫోల్కో పారిస్‌లో ఫొటో యంత్రములచుట్టును జనులు పారవేసిన బొమ్మలను ఏరి కూర్చెనట. 2001లో వచ్చిన 'అమెలీ' యను చలనచిత్రమున అట్టి యువకుని పాత్రకు ఆ కూర్పే ప్రేరణము. ఆ చిత్రము ముచ్చటైనదే. కాని తమ ముఖమును తామే వలదనుకొన్నవారి మాటను మనము వినవలదా యని మాకొక సంశయము. ఆడ్లర్ దాచినది తన ముఖమును. అందు వివాదము లేదు. పరుల ముఖమును వారు చింపిన పిదప ఏరి అతికించుట వేరు. మా తాతగారు చేసినది ఈ రెంటికిని చెందదు. ఆయన తనది కాని ముఖమును కత్తిరించిరి. ఆ కత్తెరకు ఎదురుగా నిలిచినది గనుకనే కుంకుమభరిణెలోని కాగితము చెడిన బొమ్మయైనను విలువగలది యని మేము తలచుచున్నాము. ఈ మాట తాతగారి మనుమలమైన మాకు సులువుగా నోట రాలేదు.

2014లో పూనానుండి మేనత్త కుమారుడు మాతో మొదటిసారి మాటాడెను. ఆమె గతించి అప్పటికి మూడు నెలలు. మరాఠీలో మిక్కిలి మర్యాదగా, అమ్మ పెండ్లికి ముందటి ఫొటో యేదైన మీ యింట నున్నదా యని అడిగెను. ఎవ్వరికిని చూపవద్దన్న నాయనమ్మ మాట మాకు రెండు రాత్రులు నిద్ర పట్టనీయలేదు. ఇల్లడ అడుగ వచ్చినవాడు వారసుడైనప్పుడు లేదనరాదని తీర్మానించుకొని, సెల్‌ఫోనుతో దాని నకలు తీసి పంపితిమి. "కన్నులు మూసికొని యున్నది. మరియొకటి లేదా?" అని వెంటనే అడిగెను. లేదంటిమి. మా తండ్రిగారు బ్రతికియుండగా కుటుంబపు ఫొటోకు నెగటివు దొరకునేమో యని స్టూడియోకు పోయి చూచిరి; అది యెప్పుడో మూతపడినది.

నాలుగు దినములకు ఆయన మరల పిలిచెను. ఆ బొమ్మను పెద్దది చేయించి గోడకు పెట్టుకొన్నాడట. "మొదట చెడిన ఫొటో యనుకొంటిని. మా అమ్మ లెక్క కట్టునప్పుడు సరిగా ఇట్లే కన్నులు మూసికొనెడిది" అన్నాడు. మరాఠీలో పాఠములు చెప్పి, మరాఠీలో సంసారము నడపిన మా మేనత్త లెక్కమాత్రము కన్నులు మూసికొని తెలుగులో కట్టెడిదట. ఆయనకు తెలుగులో ఒకటి మొదలు ఇరువదివరకు అంకెలు వచ్చును. ఫోనులో వరుసగా వల్లించి వినిపించెను. అంతకుమించి మన భాష ఆయనకు రాదు.

ఇట్టి చిత్రము ఈ సంచికలో రాదగినదే యని కొందరందురు. మన తెలుగు కుటుంబముల చరిత్రలో ఇదియు నొక భాగము గదా! నిజమే. కాని కుమారునకు ఇచ్చుట ఇల్లడ తీర్చుట. వేయిప్రతులు అచ్చువేయించుట దానిని వాడుకొనుట. చూపరాదను మాటలోని భయము నాయనమ్మతో పోయినది. అందలి మర్యాద పోలేదు. పైగా పంపవచ్చుననుటకు అనుమతి యీయగలవారు ఇరువురును లేరు. అయితే ఆమెను గూర్చి ఇంత వ్రాయుట చూపుట కాదా యని మా వదినె అడిగినది. దానికి మాకు సమాధానము తోచలేదు. పేరు మాత్రము వ్రాయకుంటిమి.

ఆ పేరు చిత్రము వెనుక వ్రాసితిమి. సిరా ఇవతలికి దిగును, బాలుపెన్ను ముఖముమీద గీత తేలును గనుక పెన్సిలుతో, తేలికచేతితో వ్రాయవలెను. డబ్బాలో మాకు తెలిసిన ముఖములన్నిటికిని ఇట్లే పేరులు వ్రాయుచున్నాము. పైన తెలుగున, క్రింద దేవనాగరిలో. దేవనాగరి వ్రాయుట మా మనుమరాలి వంతు. మేనత్త చిత్రము వంతు రాగా, పైవ్రాతయు తానే వ్రాసెదనని పట్టుపట్టినది. మేము వేరొక కాగితముమీద వ్రాసి చూపగా, ఒక్కొక్క అక్షరమును ముగ్గువేసినట్లు చూచి చూచి దింపినది. రెండవ అక్షరము తలకట్టు కొంచెము వంకరపోయినది. చెరిపి మరల వ్రాసెదననినది, మేము చెరపనీయలేదు.

సంపాదకవర్గమువారికి మా తండ్రిగారి ఫొటో పంపుచున్నాము. మాళేగావ్ జాతరలో తీసినది. పదేండ్ల పిల్లవాడు చెక్కవిమానములో కూర్చుండి, రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకొని, కన్నులు పెద్దవి చేసికొని చూచుచున్నాడు.